షాపులో ‘రెండూ ఒకటే’ అన్నారు... సర్పికి మందు మార్చవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పన్నెండేళ్లుగా చెన్నై కొరట్టూరులో ఉంటున్నాం. మా అత్తగారికి 66 ఏళ్లు, బరువు 62 కిలోలు, షుగరు, బీపీ ఉన్నాయి. ఆదివారం కుడి రొమ్ము కింద నుంచి వీపు దాకా మంట అన్నారు. సోమవారానికి గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు లేచాయి. మంగళవారం చర్మ వైద్యుడికి చూపిస్తే సర్పి అని చెప్పి, వాలాసైక్లోవిర్ 1000 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు రాశారు. మా వీధి చివర మందుల షాపులో అది లేదు. ‘రెండూ ఒకటేనమ్మా, ఇది చవక కూడా’ అని ఎసైక్లోవిర్ 400 మాత్రలిచ్చి, రోజుకు మూడు వేయమన్నారు. ఒక ఆయింట్‌మెంటు కూడా ఇచ్చారు. రెండు రోజులైంది. కొత్త పొక్కులు వస్తూనే ఉన్నాయి, నొప్పితో రాత్రంతా కూర్చునే ఉంటున్నారు. జర్మనీలో ఉన్న మా మరిది ‘ఇక్కడ దీనికి రోజుకు ఒకటే మాత్ర, బ్రివుడిన్ అని, పంపిస్తాను’ అంటున్నాడు. పక్కింటావిడ కుమ్మరి దగ్గర ఒంటి మీద ‘అక్కి’ బొమ్మ రాయిద్దామంటున్నారు. ఆర్నెల్ల కిందట చేసిన కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.5 ఉంది. ఆ కాగితం చర్మ వైద్యుడికి చూపించలేదు. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. షాపువాళ్లిచ్చిన మందే కొనసాగించవచ్చా? (పేరు వద్దన్నారు)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. కింద ఫోన్ నంబరు రాశారు కాబట్టి అప్పటికప్పుడు మాట్లాడి, ఆ సాయంత్రమే క్రియాటినిన్ కాగితం పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. మీరు వెళ్లారు. అప్పుడు ఫోన్‌లో హడావిడిగా చెప్పిన మాటల వెనుక కారణాలేమిటో ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. ఇలాంటి ఇంట్లో ఇలాంటి చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్లు మీరొక్కరే కాదు.

ముందు షాపువాళ్లు అన్న మాట. ‘రెండూ ఒకటే’ అన్నదాంట్లో కొంత నిజం ఉంది, అదే ప్రమాదం. వాలాసైక్లోవిర్ మింగాక పేగుల్లో, కాలేయంలో విడిపోయి ఎసైక్లోవిర్‌గానే మారుతుంది. వైరస్ మీద పనిచేసేది చివరికి ఎసైక్లోవిరే. మరి రెండు మాత్రలెందుకంటారా? ఎసైక్లోవిర్‌ను నేరుగా మింగితే రక్తంలోకి చేరేది నూటికి పది నుంచి ఇరవై వంతులే. మిగతాది పేగుల్లోంచి బయటికి పోతుంది. దానికి వాలిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలిస్తే పేగు గోడ దాన్ని బాగా లోపలికి తీసుకుంటుంది. అప్పుడు నూటికి యాభై నాలుగు వంతుల దాకా రక్తానికి అందుతుంది. వాలాసైక్లోవిర్ అంటే అదే. అందుకే అది రోజుకు మూడుసార్లు వేస్తే సరిపోతుంది.

ఎసైక్లోవిర్‌తోనే సర్పికి వైద్యం చేయాలనుకుంటే మోతాదు 800 మిల్లీగ్రాములు, రోజుకు ఐదుసార్లు, కనీసం ఏడు రోజులు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండు, మూడు, ఏడు, రాత్రి పదకొండు, ఇలా మెలకువగా ఉన్నంతసేపూ నాలుగు గంటలకోసారి. మీ అత్తగారికి ఇచ్చింది 400, రోజుకు మూడు. అంటే 4000 పడాల్సిన చోట 1200. రోజంతా వేసినా మూడో వంతు కూడా కాలేదు. 400 చొప్పున మూడుసార్లు అన్నది జననాంగాల దగ్గర వచ్చే హెర్పిస్‌కి ఇచ్చే మోతాదు. ఆ వైరస్ వేరు, సర్పి వైరస్ వేరు. దగ్గరి చుట్టాలే గానీ, సర్పి వైరస్ లొంగాలంటే రక్తంలో మందు ఇంకా ఎక్కువ ఉండాలి. షాపులో ఉన్నతనికి నోటికి వచ్చిన లెక్క అది. చేతిలో ఉన్న మందు సరైనదే, మోతాదు మాత్రం వేరే జబ్బుది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో 1945 నాటి ఔషధ నియమాల్లో 65వ నియమం ఉంది. షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు రాసిన చీటీకి బదులుగా షాపువాళ్లు వేరే మందు ఇవ్వకూడదు, చివరికి అదే మందు వేరే కంపెనీదైనా తమంతట తాము మార్చకూడదు అని అందులో ఉంది. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసిన దాన్ని. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి ఎంత ఆత్రంగా ఉంటాడో, లేదని పంపేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ‘లేదమ్మా, డాక్టరుకి ఫోన్ చేసి అడగండి’ అనడానికి అర నిమిషం చాలు. మీరైనా అక్కడే నిలబడి డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి ‘ఇది లేదంటున్నారు, బదులు ఏది, ఎంత, ఎన్నిసార్లు’ అని మూడు ప్రశ్నలు అడగవచ్చు. మందు మారిందంటే పేరొక్కటే మారదు, మోతాదూ గంటలూ కూడా మారతాయి.

మరి ఎసైక్లోవిర్ తక్కువ మందా? కాదు. 1995లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, యాభై దాటిన వెయ్యి మందికి పైగా సర్పి రోగులకు ఈ రెండు మందులూ ఇచ్చి పోల్చి చూశారు. పొక్కులు మానడంలో తేడా కనిపించలేదు. నొప్పి పూర్తిగా పోవడానికి మాత్రం ఎసైక్లోవిర్ వాడినవాళ్లకు సగటు మనిషికి 51 రోజులు పడితే, వాలాసైక్లోవిర్ వాడినవాళ్లకు 38 రోజులు పట్టింది. పెద్దవాళ్లకు సర్పిలో అసలు బాధ నొప్పే కాబట్టి ఆ పదమూడు రోజులు చిన్న విషయం కాదు. దానికి తోడు అరవై ఆరేళ్ల మనిషికి రోజుకు ఐదుసార్లు గుర్తుపెట్టుకుని వేయడం ఎంత కష్టమో మీకే తెలుసు. మధ్యాహ్నం మూడింటి మాత్ర తప్పని ఇల్లు నేను చూడలేదు. డబ్బు ఇబ్బందైతే మాత్రం, సరైన మోతాదులో గంట తప్పకుండా వేయగలిగితే, ఎసైక్లోవిర్ మంచి మందే. గెర్ట్రూడ్ ఇలియన్ బృందం తయారుచేసిన మందు అది. ఆమెకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ సోకిన కణంలోకి వెళ్లాక, వైరస్ సొంత ఎంజైమే ఆ మందును మేల్కొలుపుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణాల్లో అది దాదాపు నిద్రలోనే ఉంటుంది. శత్రువు తాళంచెవితోనే శత్రువు ఇంటి తలుపు తీయడం లాంటిది. ఆ ఎంజైమ్ లేని వైరస్‌ల దగ్గర ఇది పనిచేయదు. అందుకే పిల్లలకు అరచేతుల్లో, నోట్లో పొక్కులొచ్చే జ్వరానికి గానీ, తట్టుకి గానీ, డెంగీ దద్దుర్లకి గానీ ఈ మిగిలిన మాత్రలు వేయకూడదు. ఒంటి మీద పొక్కు కనబడిందంటే యాంటీవైరల్ అనుకోవద్దు. స్వైన్ ఫ్లూ కోసం కొన్న ఒసెల్టమివిర్ స్ట్రిప్ అల్మారాలో ఉంటే అది సర్పిని తాకనైనా తాకదు.

ఇక మీరు ఉత్తరంలో చివర్న, చిన్నగా రాసిన విషయం. నేను ఫోన్ తీయడానికి కారణం అదే. క్రియాటినిన్ 1.5.

నా సొంత ఇంట్లో జరిగింది చెబుతాను. పెరంబూరులో ఉండే మా బాబాయికి డెబ్భై నాలుగో ఏట నడుము దగ్గర సర్పి వచ్చింది. మే నెల. ఒక డాక్టరు ఎసైక్లోవిర్ 800, రోజుకు ఐదు రాశారు. నొప్పి తట్టుకోలేక పిన్ని వీధిలో షాపు నుంచి డైక్లోఫెనాక్ తెచ్చి పొద్దునా రాత్రీ వేసింది. ఆ ఎండల్లో ఆయన నీళ్లు తాగేవారు కాదు, మాటిమాటికీ బాత్రూముకి లేవాలని. కిడ్నీల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడవడం మొదలుపెట్టారు. ఎప్పుడో పోయిన మా పెదనాన్నను పేరు పెట్టి పిలిచి, లోపలికి రమ్మని కుర్చీ జరిపారు. ఇంట్లో గాలి సోకిందన్నారు, నిమ్మకాయలు కూడా తెచ్చారు. పొద్దున నేను వెళ్లి మంచం పక్కన మందుల డబ్బా విప్పి చూస్తే ఎసైక్లోవిర్, డైక్లోఫెనాక్ రెండు స్ట్రిప్పులూ ఒకే రబ్బరు బ్యాండులో ఉన్నాయి. ఆసుపత్రిలో చేర్చితే క్రియాటినిన్ నాలుగు దాటింది. మందులాపి, సెలైన్లు ఎక్కించాక, నాలుగో రోజుకి నన్ను గుర్తుపట్టారు. ‘ఎప్పుడొచ్చావే’ అన్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట చెవుల్లో ఉంది.

ఎసైక్లోవిర్ ఒంట్లోంచి బయటికి పోయే దారి కిడ్నీలే. కిడ్నీలు బాగుంటే మందు మూడు గంటల్లోపు సగానికి తగ్గుతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్న మనిషిలో అదే తగ్గుదలకి ఇరవై గంటల దాకా పడుతుంది. వేసిన మాత్ర పోకుండానే ఇంకో మాత్ర పడుతుంది. అలా పేరుకున్న మందు మెదడుకి తగులుతుంది. మతి తప్పడం, లేనివి కనిపించడం, మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం, ఇవన్నీ వస్తాయి. పెద్దవాళ్లలో ఇది చూసి పక్షవాతమనో గాలి అనో అనుకుంటారు.

క్రియాటినిన్ 1.5 అంటే ‘కొంచెమే ఎక్కువ’ అని మీకెవరో చెప్పారట. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. 140 లోంచి వయసు తీసేయండి, 74 వచ్చింది. దాన్ని బరువు 62తో గుణిస్తే 4588. దీన్ని 72 ఇంటూ 1.5, అంటే 108తో భాగిస్తే నలభై రెండున్నర. ఆడవాళ్లకు దాన్ని 0.85తో గుణించాలి. 36 వచ్చింది. కిడ్నీలు నిమిషానికి సుమారు 36 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయని అర్థం. ఆరోగ్యంగా ఉన్న యువకులకు వంద పైన ఉంటుంది. కొంచెం కాదమ్మా, చాలా తేడా.

ఈ 36 దగ్గర ఏ మందు ఎలా మారుతుందో చూడండి. వాలాసైక్లోవిర్ 1000 మూడుసార్లు కాదు, పన్నెండు గంటలకోసారి, రెండే. ఫామ్‌సైక్లోవిర్ అనే మూడో మందు ఉంది. కిడ్నీలు బాగుంటే 500 చొప్పున రోజుకు మూడు, 36 దగ్గర రోజుకు ఒక్కటే. ఎసైక్లోవిర్‌కేమో ఆ లెక్క 25కి దిగేదాకా ఐదుసార్లే, దిగితే ఎనిమిది గంటలకోసారి. ఒకే మనిషి, ఒకే కిడ్నీ, మూడు మందులకు మూడు లెక్కలు. ‘వాలా మూడుసార్లు రాశారు కదా, ఫామ్‌సైక్లోవిర్ కూడా మూడే వేద్దాం’ అనుకుంటే ఏమవుతుందో ఊహించండి. మీ డాక్టరును నేను తప్పు పట్టను. ఆయన ముందు ఆ కాగితం లేదు. సాయంత్రం చూశాక ఆయనే మళ్లీ రక్త పరీక్ష చేయించి, వాలాసైక్లోవిర్ 1000 రోజుకు రెండు అని మార్చారని మీరు చెప్పారు. అలాగే పూర్తి చేయించండి. ఎవరూ ఈ అంకెలు చూసి ఇంట్లో సొంతంగా మోతాదు మార్చుకోకండి. ఈ లెక్క డాక్టరును అడగడానికి, వేసుకోవడానికి కాదు.

రెండు రోజులు వృథా అయ్యాయని మీరు ఫోన్‌లో ఏడ్చారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు సరైన మోతాదు మొదలైతే మేలు ఎక్కువ. మీరు ఆ గీత దగ్గరే సరిచేసుకున్నారు. ఒకవేళ గడువు దాటినా, కొత్త పొక్కులు ఇంకా వస్తుంటే మందు మొదలుపెట్టమనే వైద్యులు చెబుతారు. ఆలస్యమైందని మానేసేవాళ్లుంటారు, అది ఇంకా పెద్ద పొరపాటు.

జర్మనీ మాత్ర సంగతి. మీ మరిది అబద్ధం చెప్పలేదు. అక్కడ బ్రివుడిన్ 125 మిల్లీగ్రాములు రోజుకు ఒక్కటి, ఏడు రోజులు వాడతారు. కానీ దాని తోబుట్టువు లాంటి సోరివుడిన్ అనే మందు 1993లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన కొద్ది వారాల్లోనే పది మందికి పైగా చనిపోయారు. వాళ్లంతా సర్పి వచ్చిన కేన్సర్ రోగులు. ఫ్లోరోయురాసిల్ కుటుంబం మందులు కూడా వాడుతున్నారు. ఆ కేన్సర్ మందును ఒంట్లో విరిచేసే ఎంజైమును సోరివుడిన్ కట్టిపడేసింది. విరగని మందు విషమైంది. బ్రివుడిన్‌దీ అదే గుణం. ఆ ఫ్లోరోయురాసిల్ కుటుంబానిదే అయిన కేపెసిటబిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఇది వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండింటి మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. మీ అత్తగారికి కేన్సర్ లేదు, నిజమే. అయినా ఇక్కడి డాక్టరు కంట పడని మందు పార్శిల్లో తెప్పించుకోవద్దు. కేన్సర్ వైద్యంలో ఉండి సర్పి వచ్చినవాళ్లు మాత్రం ముందు తమ కేన్సర్ డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఆయింట్‌మెంటు పక్కన పెట్టేయండి. సర్పి వైరస్ మూలం చర్మం మీద లేదు. చిన్నప్పుడెప్పుడో ఆటలమ్మ పోసినప్పుడు వెన్నుపూస పక్కనున్న నరం మొదట్లో దాక్కుని, ఇన్నేళ్లకు ఆ నరం వెంట బయటికొచ్చింది. పైన పూత అక్కడిదాకా వెళ్లదు.

అక్కి గురించి. పక్కింటావిడ ప్రేమతోనే చెప్పి ఉంటారు. తమిళులు సర్పిని అక్కి అంటారు. కుమ్మరి ఎర్రకావితో ఒంటి మీద బొమ్మ వేస్తే తగ్గుతుందని ఇక్కడ పాత నమ్మకం. పాము తలా తోకా నడుం చుట్టూ కలిస్తే మనిషి దక్కదని మన ఊళ్లలోనూ అంటారు కదా. పొక్కులు సాధారణంగా ఒక్క నరం వెంట, ఒక్క పక్కనే వస్తాయి, వెన్ను దగ్గరా ఛాతీ మధ్యా ఆగిపోతాయి. అందుకే పాము కలవదు. కావి వైరస్‌ను ఏమీ చేయదు. పగిలిన పొక్కుల మీద మట్టి పడితే చీము పట్టవచ్చు. ఆవిడ మనసు నొప్పించకుండా ‘పొక్కులు మానాక చూద్దాం పిన్నీ’ అనండి.

నొప్పికి పారాసెటమాల్ వేయవచ్చు, డాక్టరు చెప్పిన కొలతలో. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇంట్లోకి రానివ్వకండి, అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి, మా బాబాయి కథ విన్నారుగా. నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి రాస్తే, వాటికీ కిడ్నీ లెక్క ఉందా అని అడగండి. ఉంది. పైగా కళ్లు తిరుగుతాయి, రాత్రి లేచేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాలి. నీళ్లు తాగించండి, గుండె జబ్బో కాళ్ల వాపో ఉంటే ఎంతవరకు అన్నది డాక్టరును అడిగి. మాట తేడాగా ఉన్నా, మత్తుగా ఉన్నా, మూత్రం తగ్గినా తెల్లారేదాకా ఆగవద్దు.

ఇంకొక్క మాట, ఇది మీకు కాదు, ఇతర పాఠకులకు. సర్పి నుదుటి మీద, కంటి చుట్టూ, ముఖ్యంగా ముక్కు కొన మీద వస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. చెన్నైలో డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. 1819లో మొదలైన ఎగ్మోరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. చెవి దగ్గర పొక్కులొచ్చి మూతి వంకరపోతే అదీ అంతే తొందర.

బాబు విషయం. అత్తగారి నుంచి వాడికి సర్పి రాదు, ఆటలమ్మ రావచ్చు, పొక్కుల్లోని నీరు తగిలితే. ఆటలమ్మ టీకా ప్రభుత్వ ఉచిత పట్టికలో లేదు, ప్రైవేటుగా వేయిస్తారు. వాడి టీకాల పుస్తకం తీసి చూడండి, లేకపోతే పిల్లల డాక్టరును రేపే అడగండి. అప్పటిదాకా పొక్కుల మీద మెత్తటి బట్ట కప్పి ఉంచండి, తువ్వాలు వేరుగా పెట్టండి. ఇంటికి గర్భిణులెవరైనా వస్తామంటే కొన్నాళ్లు ఆగమనండి. మీకూ మీ వారికీ యాభై దాటాక సర్పి రాకుండా టీకా ఉంది, రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో. అత్తగారికి ఇది పూర్తిగా తగ్గాక ఆమెకూ వేయించాలా అని డాక్టరును అడగవచ్చు.

వడపళని గుడికి ఎప్పుడు వెళ్లవచ్చో అడగమని అత్తగారు వెనకనుంచి అంటుంటే ఫోన్‌లో విన్నాను. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాక వెళ్లవచ్చు, మామూలుగా ఏడు నుంచి పది రోజులు పడుతుంది. ఒక్క పొక్కు తడిగా ఉన్నా ఆగమనండి. గోరువెచ్చని నీళ్లతో స్నానం ఈ రోజే చేయవచ్చు, రుద్దకుండా. రవికె బదులు వదులుగా మెత్తటి నూలు చొక్కా ఏదైనా వేయండి, బట్ట రాసుకుంటేనే ఆమెకు ఎక్కువ నొప్పి.